మీకు తెలుసా? నెల్లూరు ఎండలో రంగుల నెగెటివ్

రంగుల నెగెటివ్ ఫిల్మును కడగడానికి కొడాక్ సంస్థ 1972లో ప్రవేశపెట్టిన సి-41 విధానమే నేటికీ ప్రపంచమంతటా ప్రమాణం; ఇందులో డెవలపర్, అంటే కాంతి సోకిన వెండి లవణాలను లోహపు వెండిగా మార్చి, ఆ చర్యలోనే రంగులను పుట్టించే ద్రావణం, 37.8 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 నిమిషాల 15 సెకన్లు పనిచేయాలి. చలిదేశాలలో ఇంట్లో ఫిల్ము కడిగేవారు ఇందుకోసం నీళ్లు కాచుకోవలసి ఉండగా, మే నెలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటే నెల్లూరు సీమలో మేడమీది ట్యాంకు నీటిని ఒక్కోసారి చల్లార్చుకోవలసి వస్తుంది. ఒక డిగ్రీ తేడాకే రంగుల పొందిక చెడవచ్చు గనుక థర్మామీటరు తప్పనిసరి.

తర్వాత బ్లీచ్, ఫిక్సర్ ద్రావణాలు వెండినంతటినీ తొలగించగా, నెగెటివ్‌లో బొమ్మగా మిగిలేది రంగులు మాత్రమే. మైపాడు, కృష్ణపట్నం వంటి తీరప్రాంతాలలో ఉప్పదనం ఉన్న బోరునీటితో చివరి కడుగు ముగిస్తే ఆరిన ఫిల్ముపై లవణాల మరకలు నిలుస్తాయి కాబట్టి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. సముద్రపు తేమకు బూజు పట్టకుండా నెగెటివ్‌లను సిలికా జెల్‌తో మూతపెట్టెలో భద్రపరచాలి. వాడిన ఫిక్సర్‌లో కరిగిన వెండి జలచరాలకు హానికరం కనుక, దానిని రొయ్యల చెరువులకూ పులికాట్ సరస్సుకూ చేరే కాలువలలో ఎవరూ పారబోయరాదు.