మీ డొమైన్ పేరు ఎవరి పేరు మీద ఉంది?

మా ఇర్వింగ్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ఒక సంఘం, ఆ వెంటనే ఒక వెబ్‌సైటు. ఆ డొమైన్ ఎవరి పేరు మీద ఉందని అడిగితే మాత్రం నాకు తరచుగా వచ్చే జవాబు, "ఎవరో వాలంటీర్ చేశారండీ, ఇప్పుడు ఇండియా వెళ్ళిపోయారు" అని. రోజంతా సర్వర్లతో కుస్తీపట్టే మనవాళ్ళే దీన్ని పట్టించుకోరు.

డొమైన్ పేరును మనం కొనం. ఏడాది నుంచి పదేళ్ళ దాకా వాడుకునే హక్కు తీసుకుంటాం, అంతే. డాట్ కామ్ పేర్ల అసలు పట్టిక వెరిసైన్ దగ్గర ఉంటుంది. మన తరఫున అందులో నమోదు చేసేది రిజిస్ట్రార్. రిజిస్ట్రార్ నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి మారవచ్చు. అయితే ఒకప్పుడు పాత రిజిస్ట్రార్లు ఏదో ఒక వంకతో పేరును వదిలేవారు కాదు. అందుకే ఐకాన్ సంస్థ 2004 నవంబర్ 12 నుంచి కొత్త నిబంధన తెచ్చింది. పాత రిజిస్ట్రార్ ఐదు రోజుల్లో సరైన కారణం చూపి కాదనకపోతే బదిలీ జరిగిపోతుంది.

రెండు నెలలు తిరిగేసరికి, 2005 జనవరిలో, న్యూయార్క్‌లోని ఇంటర్నెట్ సంస్థ పానిక్స్ డొమైన్‌ను ఎవరో యజమానికి తెలియకుండా ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఐటీకి బదిలీ చేయించేశారు. అక్కడి రీసెల్లర్ యజమాని అనుమతిని సరిచూడలేదు. వారాంతం కావడంతో పేరు వెనక్కి రావడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. అందాకా ఖాతాదారుల మెయిల్ దారి తప్పింది.

ఇలాంటివాటికి అడ్డుకట్ట రిజిస్ట్రార్ లాక్, ఆథ్ కోడ్. కానీ ఈ రెండూ ఖాతా ఈమెయిల్ ఎవరి చేతిలో ఉంటే వారి చేతిలోనే ఉంటాయి. గొడవ వస్తే? బదిలీ వివాదాల ఫిర్యాదు రిజిస్ట్రారే వేయాలి, మనం వేయలేం. యు.డి.ఆర్.పి. కింద వెళ్ళాలంటే ట్రేడ్‌మార్క్ హక్కు చూపాలి. ఆ పైన కోర్టే.

కాబట్టి రిజిస్ట్రంట్‌గా సంఘం పేరే పెట్టండి. ఖాతాకు అదే డొమైన్ మీద ఉన్న ఈమెయిల్ ఇవ్వకండి, డొమైన్ పోతే అదీ పోతుంది. పాస్‌వర్డ్ కార్యవర్గంలో ఇద్దరి దగ్గరైనా ఉండాలి. రిజిస్ట్రార్‌ను మార్చే ఆలోచన ఉంటే ఒక్క జాగ్రత్త. 2016 డిసెంబర్‌లో వచ్చిన నిబంధన వల్ల యజమాని పేరు మార్చాక 60 రోజులు బదిలీకి తాళం పడవచ్చు. ముందు బదిలీ కానిచ్చి, ఆ తర్వాత పేరు మార్చుకోండి. ఆ పాత వాలంటీరు ఫోన్ నంబరు ఇంకా పనిచేస్తుండగానే ఈ పని ముగించండి.