గడ్డివాము నుంచి గుల్జార్ హౌజ్ దాకా

ఫైర్ స్టేషన్ రిజిస్టర్‌లో చెత్తకుప్ప అంటుకున్నా ఒక కాల్, అయిదంతస్తుల లాడ్జి అంటుకున్నా ఒక కాల్. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో అగ్ని ప్రమాదాల్లో ఏ ఊరు ముందుందని ఎవరైనా అడిగితే, దేన్ని లెక్కపెట్టమంటారని ఎదురు ప్రశ్న వేయాలి. కాల్స్ లెక్కన ఎండాకాలానిదే రాజ్యం. పల్లెల్లో గడ్డివాములు, పట్నాల్లో ఖాళీ స్థలాల్లోని ఎండుగడ్డి, చెత్త. ప్రాణాల లెక్క తీస్తే వరస మొత్తం మారిపోతుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ప్రకారం 2022లో దేశమంతటా అగ్ని ప్రమాదాల్లో చనిపోయినవారు 7,435 మంది. ఈ మరణాల్లో సగానికి పైగా ఇళ్లలో జరిగినవే. ఆ నివేదికలో నగరాలకు వేరే పట్టిక ఉంటుంది, కానీ 2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటిన 53 నగరాలకే అందులో చోటు. మన వైపు నుంచి హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ. వరంగల్‌లో పత్తి ఎంత కాలినా, గుంటూరులో మిర్చి ఎంత కాలినా ఆ పట్టికకు పొగ కూడా సోకదు. మిర్చి నిల్వ ఉన్న కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే చుట్టుపక్కల వీధులన్నీ దగ్గుతాయి. అయినా అది సరుకు నష్టం, ఎన్‌సీఆర్‌బీ చూసేది మనుషుల లెక్క.

సరుకు లెక్క చూసేది అగ్నిమాపక శాఖ. వాళ్ల నివేదికల్లో ‘జరిగిన ఆస్తి నష్టం’ పక్కనే ‘కాపాడిన ఆస్తి’ అని ఇంకో గడి ఉంటుంది. కాలిపోయినదానికి విలువ కట్టొచ్చు, సరే. కాలకుండా మిగిలినదానికి, అదీ మంట ఎంతవరకు పాకేదో ఊహించి విలువ కట్టడమంటే మామూలు విద్య కాదు. కారణాల గడిలో మాత్రం ఇంత ఊహాశక్తి కనిపించదు. అక్కడ షార్ట్ సర్క్యూట్ తరచూ కనిపిస్తుంది.

ఒకే దుర్ఘటనలో అత్యధిక ప్రాణనష్టం అంటే విశాఖను తలుచుకోక తప్పదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై పేలింది. సుమారు 60 మంది చనిపోయారు. భయంతో జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరు విడిచారు. దీనికి దగ్గరగా వచ్చేది పాశమైలారం. 2025 జూన్ 30న సిగాచి ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగింది. 46 మంది మరణం నిర్ధారణ అయింది, మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు.

చుట్టూ నీళ్లున్న చోట పెద్ద మంట కూడా విశాఖదే. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కనే కట్టేసిన బోట్లు వరసగా అంటుకుని నలభై దాకా దెబ్బతిన్నాయి. డీజిలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ బోట్లలోనే. కాల్చి పారేసిన సిగరెట్టు పక్క బోటులోని వల మీద పడటమే మొదలని పోలీసులు తేల్చారు.

ఎక్కువ రోజులు మండిన రికార్డు ఏ నగరానికీ దక్కలేదు, కోనసీమ ఎగరేసుకుపోయింది. పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావిలో 1995 జనవరి 8న ఎగసిన మంట మార్చి 15కు గానీ ఆరలేదు. రెండు నెలలకు పైగా! కొబ్బరితోటల మధ్య చుట్టుపక్కల ఊళ్లకు చీకటన్నదే తెలియలేదు. దాన్ని అదుపు చేయడానికి విదేశీ నిపుణులు దిగాల్సి వచ్చింది.

ఇక హైదరాబాద్. ఇక్కడి రికార్డు మంట ఎత్తులో లేదు, మెట్ల దారిలో ఉంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాంలో కింద నిప్పు పుట్టింది. పైన నిద్రపోతున్న పన్నెండు మంది బిహార్ కూలీల్లో 11 మంది పోయారు, దూకినవాడొక్కడే బతికాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది. అంటుకున్నది కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పోయింది పై గదుల్లో దిగినవాళ్లు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ ఉద్యోగాల కోసం నగరానికి వచ్చిన పాతికేళ్లలోపు పిల్లలు. వాళ్లను చంపింది పొగ. అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కనీసం 9 మంది. రసాయనాల డ్రమ్ములు కింద, అద్దె కుటుంబాలు పైన. విజయవాడలో 2020 ఆగస్టు 9న కోవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో పదిమంది చనిపోయినప్పుడూ నిప్పు కింది అంతస్తులోనే మొదలైంది. పొగకు పైకి వెళ్లడానికి మెట్లకు మించిన గొట్టం లేదు. మనుషులు కిందికి దిగాల్సిన దారీ అదే.

ఈ మెట్ల దారి చావుల్లో అన్నిటికన్నా పెద్ద సంఖ్య గుల్జార్ హౌజ్‌ది. 2025 మే 18 ఉదయం, చార్మినార్‌కు కూతవేటు దూరంలో, ఒకే ఉమ్మడి కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. రెండు మీటర్ల వెడల్పున్న సొరంగం లాంటి ప్రవేశం, లోపల ఒక మీటరు వెడల్పు మెట్లు, బయటికి వేరే దారి లేదని అగ్నిమాపక శాఖే చెప్పింది.

తెలంగాణలో అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) తప్పనిసరి కావాలంటే నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తుండాలి. 18 మీటర్లంటే ఇంచుమించు ఆరంతస్తులు. గుల్జార్ హౌజ్ ఇల్లు జీ ప్లస్ టూ.