పెళ్లయితే గ్రీన్‌కార్డు వచ్చేసినట్టేనా? అపోహలు – వాస్తవాలు

అమెరికా సంబంధం ఖాయమైందంటే చాలు, మన ఇళ్లలో ముహూర్తం కంటే ముందు వినపడే ప్రశ్న, ‘అమ్మాయి ఎప్పుడు వెళ్తుంది?’ జవాబు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. మా మేనకోడలికి మూడు నెలల్లో వచ్చిందని ఒకరు, మా పక్కింటావిడ రెండేళ్లుగా ఎదురుచూస్తోందని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. కాకపోతే ఒకరిది డిపెండెంట్ వీసా, మరొకరిది భార్యాభర్తల ఇమిగ్రెంట్ వీసా. ఈ రెండింటినీ కలిపేయడంతోనే అపోహలు మొదలవుతాయి.

అపోహ: అబ్బాయికి అమెరికాలో మంచి ఉద్యోగం ఉంది కాబట్టి భార్యకు ఇమిగ్రెంట్ వీసా వస్తుంది.

వాస్తవం: ఇక్కడ చూసేది ఉద్యోగం కాదు, హోదా. జీవిత భాగస్వామి కోసం ఐ-130 పిటిషన్ వేయగలిగేది అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మాత్రమే. హెచ్-1బీ మీద ఉన్నవారి భార్యకు గానీ భర్తకు గానీ వచ్చేది హెచ్-4. అది తాత్కాలిక వీసా. పిటిషన్ వేసినవారు పౌరులైతే ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డుదారులైతే భాగస్వామి ఎఫ్2ఏ కేటగిరీలోకి వస్తారు. దానికి వార్షిక కోటా ఉంది, నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో తమ తేదీ కోసం చూసుకోవాలి. ఈలోగా గ్రీన్‌కార్డుదారుకు పౌరసత్వం వస్తే కేసును పౌరుల కేటగిరీకి మార్చుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది: ఎఫ్2ఏలో తల్లితోపాటే వచ్చే బిడ్డకు, కేటగిరీ మారాక విడిగా పిటిషన్ వేయాలి.

అపోహ: పిటిషన్ అప్రూవ్ అయిందంటే వీసా చేతికి వచ్చినట్టే.

వాస్తవం: ఆ అప్రూవల్‌తో ముగిసేది మొదటి అంకం. అమెరికా ఇమిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్ ఆమోదించాక ఫైలు న్యూహాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ 325 డాలర్ల వీసా ఫీజు, 120 డాలర్ల స్పాన్సర్ పత్రాల ఫీజు కట్టి, డీఎస్-260 ఫారం నింపి, కాగితాలన్నీ స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోయాయని వాళ్లు తేల్చాకే ఇంటర్వ్యూ వంతు వస్తుంది. అది కూడా నానక్‌రామ్‌గూడలో కాదు. హైదరాబాద్ కాన్సులేట్ ఇమిగ్రెంట్ వీసాలు ఇవ్వదు. మనవాళ్లు ముంబై వెళ్లాల్సిందే.

అపోహ: గుడిలో పెళ్లి రశీదు, బరువైన ఆల్బమ్ ఉంటే చాలు.

వాస్తవం: ఫొటోలు తోడుసాక్ష్యం మాత్రమే. మొదట కావలసింది ప్రభుత్వ రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం. దేవస్థానం రశీదు గానీ, ఆర్యసమాజ్ ఇచ్చిన పత్రం గానీ దానికి బదులు కావు. పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది. అయినా చాలామంది వీసా మాట వచ్చేదాకా ఆ ఊసెత్తరు. పెళ్లికొడుకు తిరిగి విమానమెక్కేలోపు ఈ పని పూర్తి చేసుకోవడం మేలు.

అపోహ: పాస్‌పోర్టులో అత్తింటి పేరు ఎక్కించుకోకపోతే వీసా రాదు.

వాస్తవం: ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. అసలు చిక్కు పేర్లు కలవకపోవడంతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా సర్‌నేమ్ గడిలో ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్‌కు వచ్చేసరికి ఒక్కోసారి అత్తవారి ఇంటిపేరు వచ్చి చేరుతుంది. ఇక పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు వీసా మీద అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అన్న మూడక్షరాలు పడతాయి. ఇలాంటివి ముందే సరిదిద్దుకోవాలి. ఊళ్లో ఇంటి దగ్గరే పుట్టి, జననం నమోదు కానివాళ్లు కంగారు పడనక్కర్లేదు. రికార్డు లేదని సంబంధిత అధికారి ఇచ్చే పత్రం, దానికి తోడు స్కూలు సర్టిఫికెట్ల వంటి ఆధారాలు పెట్టుకోవచ్చు.

అపోహ: మామగారి పొలాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూపిస్తే పని సులువవుతుంది.

వాస్తవం: సీఏ చేత ఆస్తుల లెక్క రాయించడం స్టూడెంట్ వీసాల నాటి అలవాటు. ఇక్కడ ప్రధానంగా చూసేది అమెరికాలో ఉన్న స్పాన్సర్ ఆదాయం. ఐ-864 అనే పూచీపత్రంలో ఆ ఆదాయం, కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి అక్కడి ప్రభుత్వం ప్రకటించే పేదరిక రేఖకు కనీసం 125 శాతం ఉన్నట్టు చూపాలి. తక్కువైతే అమెరికాలోనే ఉంటున్న మరో పౌరుడు గానీ గ్రీన్‌కార్డుదారు గానీ జాయింట్ స్పాన్సర్‌గా నిలబడవచ్చు. అప్పుడు కూడా పిటిషన్ వేసినవారు తమ పూచీపత్రం ఇవ్వాల్సిందే. సాయం చేద్దామని సంతకం పెట్టే బావగారు ఒకటి గుర్తుంచుకోవాలి: రేపు ఆ జంట విడాకులు తీసుకున్నా ఈ పూచీ రద్దు కాదు.

అపోహ: పెద్దలు కుదిర్చిన పెళ్లంటే అధికారులు అనుమానిస్తారు.

వాస్తవం: చట్టం అడిగేది పెళ్లి నిజమైనదా, కేవలం వీసా కోసం చేసుకున్నదా అన్నదే. సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎక్కడ మాట్లాడుకున్నారు, పెళ్లయ్యాక ఎన్నిసార్లు కలిశారు అని అడగవచ్చు. నిజంగా కాపురం చేస్తున్నవాళ్లకు వీటికి ట్యూషన్ అక్కర్లేదు. కన్సల్టెన్సీ నేర్పిన జవాబులు అప్పజెప్పితేనే తేడా కొడుతుంది. పిటిషన్ వేసిన భర్తో భార్యో ముంబై ఇంటర్వ్యూకు రావాలన్న నియమం కూడా లేదు. ఇక దొంగపెళ్లి అని తేలితే అమెరికా చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆపైన ఆ వ్యక్తి కోసం ఎవరు పిటిషన్ వేసినా ఆమోదం దొరకదు.

అపోహ: ఇంటర్వ్యూలో 221(జీ) కాగితం ఇచ్చారంటే కేసు పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు అది ఏదో కాగితం తక్కువైందనో, ఇంకా పరిశీలన ఉందనో చెప్పే పత్రం. అడిగినవి ఏడాదిలోపు ఇస్తే కేసు ముందుకు కదులుతుంది. ఊరుకుంటే మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది.

అపోహ: వెళ్లగానే పదేళ్ల గ్రీన్‌కార్డు, ఆ వెంటనే పౌరసత్వం.

వాస్తవం: అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డే. దాని గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో ఐ-751 దాఖలు చేసి షరతులు తీయించుకోవాలి. మరిచిపోతే హోదాకే ముప్పు. పౌరసత్వానికి మామూలుగా గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కావాలి. పౌరులైన భాగస్వామితో కలిసి కాపురం చేస్తుంటే మూడేళ్లు చాలు.

వీసా ముద్ర పడిన పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయకండి, రద్దు కాని టికెట్ కొనకండి. ‘గ్యారంటీగా ఇప్పిస్తాం’ అనే ఏజెంటుకు అడ్వాన్స్ ఇవ్వకండి. వీసా నిర్ణయం కాన్సులర్ అధికారిది, మధ్యవర్తిది కాదు. ఫారాలు, వాటి సూచనలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. ముందు వాటిని చదివి, కేసులో చిక్కుంటే లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.