అడవి మెరకమీది సమాధి: లింకన్ తల్లి కథ

అబ్రహాము లింకన్ కఱ్ఱదుంగల గుడిసెలో పుట్టి అధ్యక్షపదవికి ఎక్కినాడని మనమందరము పాఠ్యపుస్తకములలో చదివినాము. పిల్లలకు కూడ చెప్పుతూ ఉంటాము. ఆ గుడిసె బొమ్మ అందరికీ తెలిసినదే. ఆ గుడిసెలో పొయ్యి వెలిగించిన ఇల్లాలి సంగతి మాత్రము మనకు అంతగా తెలియదు. ఈ ప్రసంగములో మేము లింకన్ రాజకీయముల జోలికి పోము. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, స్పెన్సర్ కౌంటీలో, అడవి నడుమనున్న ఒక చిన్న మెరకను గురించి, దానిమీది కొద్దిపాటి సమాధులను గురించి చెప్పదలచినాము.

అమెరికా పల్లెపట్టులలో ఇట్టి శ్మశానములు ఎన్నో ఉన్నవి. ఒహాయో నది దాటి పడమరకు వలసపోయిన కుటుంబములు అడవి నరికి పొలము చేసికొన్న తొలి రోజులలో అక్కడ ఊరు లేదు, చర్చి లేదు. మొదటి చావు వచ్చిన నాడు ఇంటికి కనుచూపుమేరలో, వాననీరు నిలువని మెరక ఒకటి చూచి గొయ్యి తీసేవారు. రెండవది వస్తే దాని పక్కనే. ఇరుగుపొరుగువారు కూడ తమవారిని అక్కడికే తెచ్చేవారు. చెక్కిన రాయి తెప్పించే స్తోమతు ఎవరికి ఉన్నది? పొలములో దొరికిన బండనో, చెక్కపలకనో తలవైపున పాతి ఊరుకొనేవారు. ఆ కుటుంబము నేల విడిచి మరికొంత పడమరకు కదలినదంటే ఆ సమాధులకు దిక్కులేనట్లే. చెక్క కుళ్లిపోయేది, పొదలు కమ్ముకొనేవి. లిటిల్ పిజియన్ క్రీకు అనే వాగు ప్రాంతములోని ఈ మెరక కూడ అటువంటిదే.

లింకన్ కుటుంబము అక్కడికి ఎట్లు చేరినది? అధ్యక్షుడైన లింకన్‌కు తాతగారి పేరు పెట్టినారు. ఆ తాత అబ్రహాము వర్జీనియానుండి కెంటకీ అడవులకు వచ్చి భూములు సంపాదించినాడు. 1786లో, పొలములో పని చేసికొంటూ ఉండగా ఆదివాసులు ఆయనను కాల్చి చంపినారు. ఆ నేల అంతకు ముందు ఎవరిదన్న ప్రశ్న వేసికొన్న వలసదారులు ఆ రోజులలో తక్కువ. షానీ మొదలైన జాతులవారు తమ వేటనేల చేజారిపోతున్నదని పోరాడుతున్న కాలమది. తండ్రి కూలిపోవటము కళ్లారా చూచిన పిల్లలలో కడపటివాడు టామస్, అప్పటికి ఎనిమిదేండ్లవాడు. ఆనాటి చట్టము ప్రకారము తండ్రి భూమి పెద్దకొడుకు మార్డెకైకి పోయినది. టామస్ కూలిచేసి, వడ్రంగము నేర్చుకొని బ్రతికినాడు. 1806 జూన్ 12న నాన్సీ హాంక్స్‌ను వివాహమాడినాడు. వారికి 1807లో శారా, 1809 ఫిబ్రవరి 12న అబ్రహాము పుట్టినారు. తరువాత పుట్టిన టామస్ పసికందుగానే పోయినాడు. ఆ బిడ్డను కెంటకీలోనే పూడ్చినారు.

కెంటకీని ఎందుకు విడిచినారన్నదానికి లింకన్ తానే 1860లో రెండు కారణములు వ్రాసియుంచినాడు. బానిసత్వము ఒకటి. దానికన్న ముఖ్యమైనది భూమి హక్కుల తగాదా. ఈ రెండవదానిని జనము అంతగా పట్టించుకొనరు గాని, మన పల్లెలలో సరిహద్దు వ్యాజ్యముల రుచి తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. కెంటకీలో సర్వే సరిగా జరుగలేదు. ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు పత్రములు చూపించేవారు. టామస్ కొన్న మూడు పొలములకును హక్కు చిక్కులు వచ్చినవి. ఒహాయో నదికి ఆవల ఇండియానాలో ప్రభుత్వమే నేలను చదరములుగా కొలిచి, ఎకరము రెండు డాలర్ల చొప్పున అమ్ముతూ ఉన్నది. అక్కడ బానిసత్వము నిషిద్ధము. 1816 డిసెంబరులో, ఇండియానా రాష్ట్రమైన నెలలోనే, కుటుంబము నది దాటినది. మరుసటి సంవత్సరము టామస్ 160 ఎకరములకు దరఖాస్తు పెట్టినాడు. చివరకు పూర్తి సొమ్ము చెల్లించి నిలుపుకొన్నది 80 ఎకరములే.

1817లో నాన్సీ పినతల్లి ఎలిజబెత్, ఆమె భర్త టామస్ స్పారో కూడ వచ్చి సమీపములోనే కాపురము పెట్టినారు. నాన్సీని చిన్ననాట పెంచినది వారే కనుక ఆమెకు తల్లిదండ్రులు వచ్చినట్లే అయినది. వారి వెంట డెనిస్ హాంక్స్ అనే యువకుడును వచ్చినాడు. ఆ ఇంటి విషయములు మనకు తెలిసినవంటే చాలవరకు ఈ డెనిస్ ముసలితనములో చెప్పిన జ్ఞాపకముల వలననే. మాటకారి మనిషి, ఆయన చెప్పినదంతా త్రాసులో నిలువదని చరిత్రకారుల అభిప్రాయము, మా అభిప్రాయమును అదే.

1818లో వేసవి చివర ఆ ప్రాంతమునకు పాలరోగము వచ్చినది. మొదట పశువులు వణకేవి, తూలేవి, పడిపోయేవి. తరువాత మనుష్యులకు నీరసము, వాంతులు, మలబద్ధము, ఊపిరిలో ఒక విధమైన దుర్వాసన, ఆపైన స్మృతి తప్పటము. కొందరు వారము పది దినములలో మరణించేవారు. పాలలో ఏదో ఉన్నదని జనము గ్రహించినారు. ఆ ఏదో ఎక్కడనుండి వస్తున్నదో తెలియలేదు. మంచు అన్నారు, నేలనుండి లేచే విషపు ఆవిరి అన్నారు. అసలు కారణము చెట్ల నీడలో మోకాలెత్తున పెరిగి, తెల్లని చిన్న గుత్తులుగా పూచే వైట్ స్నేక్‌రూట్ అనే మొక్క. పశువులున్న ఇండ్లవారికి చెప్పనక్కరలేదు: పచ్చిక దొరికినంతకాలము గొడ్డు చెడ్డ ఆకును ముట్టదు. ఎండలకు పచ్చిక మాడిపోగానే, కంచెలేని అడవిలో తిరిగే ఆవులు ఈ ఆకును మేసేవి. అందులోని విషము పాలలోనికి, వెన్నలోనికి, మాంసములోనికి దిగేది. మరొక దారుణము ఏమంటే, పాలిచ్చే ఆవు తన ఒంటిలోని విషమును పాలతో బయటికి పంపివేయటము చేత పైకి ఆరోగ్యముగానే కనిపించవచ్చును. ఆ పాలు త్రాగిన దూడయో, బిడ్డయో ముందుగా పడిపోయేది.

ఇల్లినాయ్ రాష్ట్రములో ఆనా బిక్స్‌బీ అనే వైద్యురాలు ఒక షానీ జాతి స్త్రీ వలన ఈ మొక్క సంగతి తెలిసికొని, చుట్టుపక్కల ఊళ్లలో దానిని పెరికించినదని చెప్పుకొంటారు. ఆమె మాట దూరము పోలేదు. అమెరికా వ్యవసాయశాఖ రసాయన పరీక్షలతో మొక్క దోషమును నిర్ధారణ చేసేసరికి 1920లు దాటవచ్చినవి. అంటే నాన్సీ మరణించిన నూరేండ్లకు పైమాట.

ఆ సెప్టెంబరులో స్పారో దంపతులు ఇద్దరును పోయినారు. పొరుగున ఉన్న పీటర్ బ్రూనర్ భార్య కూడ పోయినది. నాన్సీ ఆమెకు ఉపచారము చేసినదట. తరువాత నాన్సీయే మంచము పట్టి, అక్టోబరు 5న కన్నుమూసినది. శారాకు పదకొండేండ్లు, అబ్రహాముకు తొమ్మిది. వడ్రంగి యైన టామస్ పలకలు కోసి శవపేటిక చేసినాడు. ఇనుపమేకులు లేవు, చెక్కమేకులు చివ్వినది కొడుకే అని డెనిస్ చెప్పినాడు. పొలమునకు దక్షిణమున ఉన్న మెరకమీద స్పారోల సరసన ఆమెను ఉంచినారు. ప్రార్థన చెప్పటానికి మతబోధకుడు లేడు. కొన్ని నెలల తరువాత కెంటకీనుండి డేవిడ్ ఎల్కిన్ అనే ఆయన వచ్చి సమాధివద్ద ఉపన్యసించినాడని, ఆయనకు జాబు వ్రాసినది చిన్న అబ్రహామేనని ఒక ఐతిహ్యము. నాన్సీ స్వయముగా సంతకము చేయనేరక గుర్తు పెట్టేది. ఆమె చిత్రము ఒక్కటియు లేదు.

1819 డిసెంబరులో టామస్ కెంటకీకి పోయి, ముగ్గురు పిల్లలున్న శారా బుష్ జాన్స్టన్ అనే వితంతువును పెండ్లాడి తెచ్చినాడు. ఆ సవతితల్లి పిల్లలను కన్నబిడ్డలవలె చూచుకొన్నది. అక్క శారా 1826లో ఆరన్ గ్రిగ్స్‌బీని పెండ్లాడి, 1828 జనవరి 20న పురిటిలో పోయినది. అప్పటికి ఊరిలో చర్చి వెలసినది కనుక ఆమె సమాధి తల్లి పక్కన గాక చర్చి ఆవరణలో ఉన్నది. 1830లో కుటుంబము ఇల్లినాయ్‌కి బండ్లు కట్టినది. 1851లో టామస్, 1869లో సవతితల్లి అక్కడనే మట్టియైనారు. తాత, పసిబిడ్డ కెంటకీలో, తల్లి కూతుళ్లు ఇండియానాలో, తక్కినవారు ఇల్లినాయ్‌లో. వలసపోయిన దారి పొడవునను ఆ కుటుంబము తనవారిని ఒక్కొక్కరినిగా దించుతూ పోయినది.

1844లో హెన్రీ క్లే పక్షమున ఎన్నికల ప్రచారమునకు వచ్చిన లింకన్ తన చిన్ననాటి చోటు చూచినాడు. తల్లీ, అక్కా ఉన్న ఆ చోటును గురించి తరువాత పద్యములు కూడ వ్రాసినాడు. రాయి మాత్రము నిలుపలేదు. ఎందుకు నిలుపలేదని ఆయనను తప్పుపట్టేవారు ఉన్నారు. మాకు ఆ ధైర్యము లేదు. మన ఇండ్లలో ముత్తవ్వల ఆనవాళ్లు ఎన్ని నిలిచినవి?

ఆయన హత్య జరిగిన పిమ్మటనే జనము ఆ మెరకను వెదకినారు. అప్పటికి పొదలు కమ్మినవి. ఆ పరిసరములలో మిగిలిన వృద్ధులు జ్ఞాపకముమీద చూపించిన చోటున, 1879లో బండ్లు తయారుచేసే స్టూడ్‌బేకర్ సోదరులలో పీటర్ స్టూడ్‌బేకర్ తెల్లని రాయి నాటించినాడు. చుట్టుపక్కలవారు చందాలు వేసికొని ఇనుపకంచె కట్టించినారు. స్ప్రింగ్‌ఫీల్డులో లింకన్ సమాధిని బాగుచేసినప్పుడు మిగిలిన రాళ్లలో ఒకదానిని 1902లో చెక్కించి అక్కడికి తెచ్చినారు. అది తరువాత మరొక చోటికి మారినది. 1962నుండి ఆ స్థలమంతయు జాతీయ స్మారకముగా ప్రభుత్వ రక్షణలో ఉన్నది. ఇప్పటికిని సమాధి తలాపున నిలిచియున్నది స్టూడ్‌బేకర్ రాయియే. దానిమీద నాన్సీ వయస్సు 35 అని చెక్కినారు. ఆమె పుట్టినది 1784 ఫిబ్రవరి అని సాధారణముగా ఒప్పుకొనే లెక్క ప్రకారము ఆనాటికి 34 ఏండ్లే.