కీమో రోజుల్లో కమ్మటి ముద్ద

మా చెల్లెలి కొడుక్కి బ్లడ్ క్యాన్సర్. రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో కీమో జరిగినన్నాళ్లూ మెట్టుగూడలో మా ఇంట్లోనే ఉన్నాడు. నోరంతా పుండ్లు పడి, ఆవకాయ ముద్ద పెడితే ఏడ్చేశాడు పాపం!

అప్పట్నించి కారం, పులుపు మానేశాం. మెత్తటి పెసరపప్పు అన్నం, రాగిజావ రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాం. వేడి కూర వాసనకే వికారమొస్తే కాస్త చల్లారనిచ్చి పెట్టండి.

కీమోతో తెల్లకణాలు తగ్గి, ఇన్‌ఫెక్షన్లు తొందరగా అంటుకుంటాయి. అందుకే పచ్చి కూరముక్కలు, నిలవ వంట, బయటి తిండి వద్దు. నీళ్లు కాచి చల్లార్చండి. గుడ్డు గట్టిగా ఉడకాలి. పసరు మందులు, విటమిన్ మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేయకండి. ఫోలిక్ యాసిడ్ మెథోట్రెక్సేట్‌కి అడ్డుపడొచ్చు.

తిండి జబ్బుని నయం చేయదు, మందుని తట్టుకునే ఓపికనిస్తుందంతే. జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే మాత్రం కషాయాలు కాస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసికెళ్లండి.