కూతకెళ్ళేవాళ్ళ ఉద్యోగం ఎన్నేళ్ళు?



పోయినసారి గోడపత్రికలో మలేరియా గురించి, మొక్కల పెంపకం గురించి రాసేరు. బాగున్నాయి. నేను ఆట గురించి రాస్తున్నాను. ఆట ఎలా ఆడాలి అని కాదు, అది మనందరికీ వచ్చు. ఆటనే ఉద్యోగంగా చేసుకున్నవాళ్ళ బతుకు ఎలా ఉంటాది అన్నది ఈ వ్యాసంలో తెలియజేయుచున్నాను. ఎందుకంటే పెద్దయ్యాక ఏమవుతావు అని అడిగితే ఇదివరకు అందరూ టీచరు, నర్సు అనేవారు. ఇప్పుడు కొందరు కబడ్డీ ప్లేయరు అంటున్నారు. ఏడో తరగతి గుంటలైతే మరీను. మా అయ్యతో నేను ఆ మాట అంటే "ఆట కూడెడతాదేటి?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతికేను. పాత పేపర్లు చూసేను, పి.ఇ.టి. మేడం గారిని అడిగేను, డిజిటల్ క్లాసులో చూసేను.

కబడ్డీలో కూతకెళ్ళేవాళ్ళని రైడర్ అంటారు. మన పెద్దలు చెడుగుడు అన్న ఆట ఇదే. పెద్ద పోటీల్లో మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్ళది 12, 8. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. ఒక్క రైడర్ గీత దాటి వెళ్ళి, కూత ఆపకుండా, 30 సెకన్లలో ఎవర్నో ఒకర్ని తాకి తిరిగి రావాలి. అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటే వెనక బోనస్ గీత దాటి ఒక కాలు పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచినా ఒక పాయింటు వస్తాది.

పెద్ద పోటీల్లో ఇంకో నియమం ఉంది, అది మనం ఇక్కడ పాటించం. వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడో కూతలో పాయింటు తెచ్చి తీరాలి, లేకపోతే అవుట్. అంటే రైడర్ భయపడి గీత దగ్గరే తిరిగి వచ్చేయడానికి వీల్లేదు. తెలిసి తెలిసి ఏడుగురి మధ్యకి వెళ్ళాలి. ఒకరు చీలమండ పట్టుకుంటారు, ఒకరు తొడ పట్టుకుంటారు, చెయ్యీ చెయ్యీ కలిపి గొలుసులా ఇద్దరు వస్తారు. గీత దగ్గరకి వచ్చేసేం అనుకునేసరికి పక్కనుంచి ఒకరు భుజంతో గుద్దుతారు. పట్టుకునేవాళ్ళకి దెబ్బలు తగలవని కాదు, తగులుతాయి. కాని వాళ్ళ దెబ్బలు ఏడుగురికి పంచుకుంటాయి. రైడర్ దెబ్బలు ఒక్కరికే.

అమెరికాలో ఇలాంటి ఉద్యోగమే ఇంకొకటి ఉంది. వాళ్ళ ఫుట్‌బాల్ మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులాగ కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తుతారు. పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. అవతల పదకొండు మంది వాణ్ణి నేలకేసి కొట్టడానికే ఉంటారు. షికాగో బేర్స్ జట్టులో వాల్టర్ పేటన్ అనే ఆయన 1975 నుంచి 1987 వరకు 13 సంవత్సరాలు ఈ పని చేసేడు. అన్నేళ్ళలో ఒక్క ఆట మాత్రమే మానేడట. బంతి పట్టుకుని ఆయన పరుగెత్తిన దూరం మొత్తం 16,726 గజాలు. నేను లెక్క కట్టేను, 15 కిలోమీటర్ల పైచిలుకు. మన సీతంపేట నుంచి పాలకొండ వెళ్ళినంత, ఇంచుమించు. బస్సులో అరగంట కూడా పట్టదు. ఆ దూరానికి ఒక మనిషి పదమూడేళ్ళు తన్నులు తిన్నాడు. అక్కడ అందరూ పేటన్ లాగ ఉండరు, చాలామంది రన్నింగ్ బ్యాకులు కొద్ది ఏళ్ళలోనే ఆట నుంచి వెళ్ళిపోతారు. ఇంకా కుర్రాడు, ఇంకా తక్కువ జీతం వాడు దొరికితే వాణ్ణి పెట్టుకుంటారు. మొదట చదివినప్పుడు నాకిది అన్యాయం అనిపించింది. తరవాత మన కబడ్డీ లెక్కలు చూసేను.

మన దేశంలో ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలయింది. ఎనిమిది జట్లు. వాటిలో తెలుగు టైటాన్స్ ఒకటి. ఆటగాళ్ళని వేలంలో కొంటారు. వేలం అంటే మన సంతలో మేకని పాట పాడినట్టే. ఒకరు ఇంత అంటారు, ఇంకొకరు ఇంకా ఎక్కువ అంటారు. మనుషుల్ని అలా పాడటం నాకు వింతగానే ఉంది గాని, ఆ డబ్బు ఆటగాడికే వస్తాది. మేకకి ఏమీ రాదు కదా.

ప్రదీప్ నర్వాల్ అనే రైడర్ గురించి చెప్తాను. హర్యానాలో సోనీపత్ జిల్లా రిండానా గ్రామం. 1997లో పుట్టేడు. 2015లో బెంగళూరు బుల్స్‌లో మొదలుపెట్టి, తరవాత పాట్నా పైరేట్స్‌కి వెళ్ళి ఆ జట్టుని వరసగా మూడుసార్లు గెలిపించేడు. డుబ్కీ అని ఒక కిటుకు ఆయనది. ఎదురుగా గొలుసు కట్టి వస్తున్నవాళ్ళ చేతుల కింద నుంచి, నీళ్ళలో మునిగినట్టు ఒంగి దూరిపోయి గీత అందుకుంటాడు. 2017లో ఒక ఆటలో హర్యానా జట్టు మీద ఒక్క కూతలోనే ఆరుగురిని అవుట్ చేసేడు. అవతల కోర్టు ఖాళీ అయిపోతే ఇంకో రెండు పాయింట్లు వస్తాయి కనుక ఒక్క కూతకి మొత్తం 8 పాయింట్లు. ఆ వీడియో మేము నాలుగుసార్లు పెట్టించుకుని చూసేం. ఆ లీగ్ మొత్తంలో కూతలతో 1,801 పాయింట్లు తెచ్చేడు. ఆయన ఆట మానేసిన నాటికి ఇంకెవరూ అన్ని తేలేదు.

ఇప్పుడు డబ్బు చూడండి. 2021 వేలంలో యు.పి. జట్టు ఆయనకి 1 కోటి 65 లక్షలు ఇచ్చింది. అప్పటికి అదే అందరికన్నా ఎక్కువ. 2024లో మొదటి జట్టు బెంగళూరే మళ్ళీ కొన్నాది, 70 లక్షలకి. 2025 వేలంలో పేరు పిలిచేరు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు. రెండోసారి పిలిచినా ఎత్తలేదు. ఆట మానేస్తున్నానని ఆయన ప్రకటించేడు. అప్పుడు వయసు 28.

ఇరవై ఎనిమిది! మన రాష్ట్రంలో గవర్నమెంటు టీచరు 62 ఏళ్ళ దాకా పని చెయ్యవచ్చు. 28 ఏళ్ళకి చాలామందికి డి.యస్సీ. కూడా రాదు.

ఇంకొకాయన పవన్ సెహ్రావత్. ఢిల్లీ దగ్గర బవానా. ఈయన్ని ఎగిరే రైడర్ అంటారు, పట్టుకోడానికి వంగినవాళ్ళ మీంచి దూకేస్తాడు. 2019లో ఒక ఆటలో కూతలతో 39 పాయింట్లు తెచ్చేడు. 2022లో తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకి కొన్నాది. మొదటి ఆట, మొదటి పది నిమిషాల్లో మోకాలు తిరిగిపోయింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేరు. ఆ ఏడాది అంతా మళ్ళీ ఆడలేదు. నేను అనుకున్నాను అయిపోయింది ఈయన పని అని. అవలేదు. 2023 జూన్‌లో బూసాన్‌లో ఆసియా పోటీలకి భారత జట్టు కెప్టెన్‌గా వచ్చి గెలిచేడు. అక్టోబరులో చైనాలో ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 33-29 తో బంగారు పతకం. రెండు మూడు రోజుల్లోనే మన తెలుగు టైటాన్స్ ఆయన్ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నాది. అప్పటికి అంత ఖరీదు ఎవరికీ లేదు.

మరి మన జట్టు గెలిచిందా అంటే, లేదు. ఆ సీజన్‌లో 22 ఆటల్లో 2 మాత్రమే గెలిచి అందరికన్నా కింద ఉండిపోయింది. ఒక్క రైడర్ ఎంత గొప్పవాడైనా కూతకెళ్ళి అవుట్ అయితే బెంచీ మీద కూర్చోవాలి, వెనక ఉన్నవాళ్ళు పట్టుబడి పట్టి పాయింటు తెస్తేనే మళ్ళీ లోపలికి వస్తాడు. ఈ సంగతి మన హాస్టల్లో రైడింగ్ మాత్రమే చేస్తామని అలిగేవాళ్ళు గమనించాలి (పేర్లు రాయను, వాళ్ళకి తెలుసు). పవన్ రేటు 2024లో 1 కోటి 72 లక్షల 50 వేలు అయింది. 2025లో తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకే కొన్నాది. ఆ ఏడు ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదటి ఆట మన టైటాన్స్ మీదే ఆడి 38-35 తో గెలిచేరు.

59 లక్షలు కూడా మనకి చాలా ఎక్కువే. ఆ మాట నాకూ తెలుసు. మా ఇంట్లో జీడిపిక్కలు, చింతపండు, కొండచీపుర్లు అన్నీ కలిపినా అది ఎన్ని జన్మలు పడతాదో. కాని అది వచ్చేది మగవాళ్ళకి.

ఆడవాళ్ళ సంగతి వేరు. 2016లో ప్రో కబడ్డీతో పాటు ఆడవాళ్ళకి కూడా మూడు జట్లతో ఒక చిన్న పోటీ పెట్టేరు. ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్ వాటి పేర్లు. స్టార్మ్ క్వీన్స్ ఒక్క పాయింటుతో గెలిచింది. తరవాతి ఏడు అది మళ్ళీ పెట్టలేదు. మన ఆడవాళ్ళు ఆడలేకనా? ఆసియా క్రీడల్లో 2010, 2014, 2023 బంగారం మనదే. 2018లో మాత్రం ఇరాన్ చేతిలో ఓడి వెండి వచ్చింది. 2012లో పాట్నాలో జరిగిన ప్రపంచ కప్పు మనదే, 2025 నవంబరులో ఢాకాలో చైనీస్ తైపీని 35-28 తో ఓడించి తెచ్చిందీ మనవాళ్ళే.

2012లో కెప్టెన్ మమతా పూజారి గారు కర్ణాటకలో పల్లెటూరి పిల్ల. ఆవిడకి కోటి రూపాయల వేలం ఏమీ లేదు. సికిందరాబాదులో దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం. ఇదీ నేను మా అయ్యకి చెప్పిన జవాబు. ఆట కూడెట్టదు, ఆట వల్ల వచ్చిన ఉద్యోగం కూడెడతాది. స్పోర్ట్స్ కోటా అంటారు. రైల్వేలో ఉంది, పోలీసులో ఉంది. కాని ఆ కోటాకి కూడా చదువు సర్టిఫికెట్టు అడుగుతారు, కాబట్టి మాచ్‌లు ఉన్నాయని లెక్కల పరీక్ష ఎగ్గొట్టే వీలు లేదు. మోకాలు పోయినా ఆ ఉద్యోగం ఉంటాది, నెల జీతం వస్తాది. నాకైతే వేలం కన్నా ఇదే నయం అనిపించింది. మా అయ్య ఏమీ అనలేదు, చుట్ట కాలుస్తూ విన్నాడు.

మోకాలి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. తొడ ఎముకని, కింది కాలి ఎముకని మోకాలి లోపల కట్టి ఉంచే తాడులాంటిది ఒకటి ఉంటాది. డాక్టర్లు ఏ.సి.ఎల్. అంటారు. మన గూడల్లో నరం పట్టేసింది అంటారు గాని ఇది నరం కాదు. పాదం నేలలో గట్టిగా నాటుకుని ఉండగా ఒళ్ళు పక్కకి తిరిగితే అది తెగిపోతాది. టక్కుమని చప్పుడు వినబడుతాది, కొద్ది గంటల్లో మోకాలు వాచిపోతాది. పూర్తిగా తెగితే మామూలుగా దానంతట అది అతుక్కోదు. మన ఒంట్లోంచే వేరే చోట నుంచి ఒక పోగు తీసి అక్కడ వేసి ఆపరేషన్ చేస్తారు. మళ్ళీ ఆడటానికి తొమ్మిది నెలలు, ఏడాది పడతాది. ఒకే ఆట ఆడితే మగపిల్లల కన్నా ఆడపిల్లలకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుందట.

మా పక్క గూడ అక్క ఒకామె బాగా ఆడేది, వేరే ఊళ్ళో చదివేది. ఒక పోటీలో ఇలాగే తిరిగిపోయింది. పసుపూ సున్నం పట్టు వేసేరు, ఎవరో లాగి సరిచేసేరు. వాపు తగ్గిందని నెలకే మళ్ళీ దింపేరు. రెండోసారి పడిపోయింది. ఇప్పుడు ఆమె కొండ దిగేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని దిగుతాది. ఆమెని వేలంలో ఎవరూ పాడలేదు, ఆమె పేరు పేపర్లో కూడా రాలేదు, కాని ఆమె కూత నేను విన్నాను.

అందుకని మోకాలు వాస్తే లాగకండి, మాలిష్ చెయ్యకండి. ఐసు గుడ్డలో చుట్టి పెట్టి, కాలు ఎత్తుగా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాపు తగ్గడం వేరు, బాగవడం వేరు. ఆటకి ముందు పది నిమిషాలు గుంజీలు, చిన్న గెంతులు చెయ్యాలి. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. పి.ఇ.టి. మేడం గారు రోజూ అదే చెప్తారు, మనం నవ్వుతాం.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. పెద్ద పోటీలు రబ్బరు మేట్ మీద ఆడతారు, అది చాలా ఖరీదు, మేము అడగటం లేదు. మన గ్రౌండులో నీళ్ళ ట్యాంకు వైపు రాళ్ళు తేలి ఉన్నాయి. వాగు నుంచి రెండు ట్రాక్టర్ల ఇసుక, ఎర్రమట్టి తోలిస్తే చాలు, చదును మేము చేసుకుంటాం. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక మా తొమ్మిదో తరగతి వాళ్ళం రాళ్ళు ఏరడం మొదలుపెడతాం. రాగలిగిన వాళ్ళు గోనెసంచి తెచ్చుకోవలెను.