అదనపు టైరుకు తొడుగు

మొగల్తూరు నుండి పేరుపాలెం సముద్రతీరానికి పోయే జీపు వెనుక బిగించిన అదనపు టైరును చూడండి. తిరగని టైరు అరగదు, అయినా పగులుతుంది. ఎందుచేత? గాలిలో స్వల్పంగా ఉండే ఓజోను రబ్బరు అణువులలోని ద్విబంధాలను తెంచుతుంది. విరుగుడుగా రబ్బరులో మైనం కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతుంటే ఆ మైనం పైకి ఊరి పొర కడుతుంది. కదలని టైరుకు ఈ రక్షణ తక్కువ. పైగా ఎండవేడి పగుళ్లను త్వరపరుస్తుంది.

కనుక తొడుగు కావలసిందే. అయితే గాలి చొరని ప్లాస్టిక్ సంచి మేలనుకోవడం పొరపాటు. ఉప్పుగాలిలోని తేమ లోపల చిక్కితే ముందుగా ఉక్కు చక్రమే తుప్పుపడుతుంది. దళసరి కాన్వాసు, నీరు జారిపోవడానికి అడుగున రంధ్రాలు, చివికిపోని పాలియెస్టరు దారపు కుట్టు ఉండాలి.

తొడుగు విప్పినపుడు టైరు పక్కభాగంపై నాలుగంకెలు వెదకండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. పంక్చరైన రోజున తెలుసుకొంటే ఆలస్యమే.